డిశ్చార్జి కాగితంలో పాట ఎందుకు లేదు?

పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషి మంచం దగ్గర నిలబడి బంధువులు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "సిస్టర్, ఈయనకు తెలుస్తోందంటారా?" ఆయన వింటుండగానే అడుగుతారు. తరవాత పొలం కౌలు సంగతి, అప్పు సంగతి, చిన్నమ్మాయి సంబంధం సంగతి ఆయన అక్కడ లేనట్టే మాట్లాడుకుంటారు. నిన్నటిదాకా ఆయన మాట లేనిదే విత్తనాల బస్తా కూడా కొనని ఇంట్లో ఇప్పుడు ఆయన్ని అడిగేవారుండరు. అడిగినా చెప్పలేడు కదా అంటారు. కొందరు చెవుడు వచ్చినట్టు గట్టిగా అరిచి మాట్లాడతారు. కొందరు చంటిపిల్లలతో మాట్లాడినట్టు ముద్దుగా మాట్లాడతారు. రెండూ ఆయనకు అవమానమే. ప్రార్థన చేయడానికి వచ్చే సంఘ పెద్దలు కూడా ఆయన తలమీద చెయ్యి ఉంచి దేవునితో మాట్లాడతారు గాని, ఆయనతో మాట్లాడరు.

ఈ స్థితిని వైద్యులు అఫేసియా అంటారు. మెదడులో మాటలను కూర్చే భాగాలకు రక్తం అందక దెబ్బ తగిలితే ఇది వస్తుంది. చాలామందిలో ఈ భాగాలు మెదడు ఎడమ సగంలో ఉంటాయి. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడో వంతు మందికి ఏదో ఒక మేరకు అఫేసియా ఉంటుంది. ఎడమ మెదడు శరీరంలో కుడి సగాన్ని నడిపిస్తుంది కనుక, కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినవారిలోనే మాట పోవడం ఎక్కువగా చూస్తాము. నాలుక మందమై మాట ముద్దగా రావడం వేరు, ఇది వేరు. ఇందులో నాలుక కదులుతుంది, పదం దొరకదు. 1861లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు పాల్ బ్రోకా చూసిన ఒక రోగి ఏమి అడిగినా "టాన్, టాన్" అని మాత్రమే అనేవాడు. అతడు చనిపోయాక మెదడును పరిశీలించి, ఎడమవైపు ముందు భాగంలో దెబ్బ ఉన్నదని బ్రోకా చూపించాడు. అలా ఒకే మాట మీద నిలిచిపోయినవారు మా వార్డుకూ వస్తుంటారు. ఇంకో రకం అఫేసియాలో మాట ధారాళంగానే వస్తుంది గాని అందులో అర్థం ఉండదు, ఎదుటివారి మాట కూడా సరిగా అందదు. ఇటువంటివారికి మతి చలించిందనుకుని భూతవైద్యుల చుట్టూ తిప్పి తెచ్చిన కుటుంబాలను చూశాము. చదవడం, రాయడం కూడా చాలామందికి దెబ్బ తింటాయి. అందుకే "నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాయండి" అని పెన్ను ఇచ్చినప్పుడు ఆయన పెన్ను విసిరికొడితే కోపిష్టి అనుకోకండి.

ఇక్కడొక మాట ముందే చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యి పట్టు తప్పినా ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా మొదటి నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. పసరు మందుకు, పావురం రక్తానికి పరుగెత్తితే ఆ గంటలు పోతాయి. మేము చెప్పబోయేదంతా ప్రాణాపాయం తప్పిన తరవాతి సంగతి.

ప్రాణాపాయం తప్పి ఇంటికి వెళ్లేవారి చేతిలో పెట్టే డిశ్చార్జి కాగితం చూడండి. బీపీ మాత్ర, ఆస్పిరిన్, కొలెస్టరాల్ మాత్ర ఉంటాయి. ఉప్పు తగ్గించమని ఉంటుంది. చేతికి, కాలికి ఫిజియోథెరపీ ఉంటుంది. మాట గురించి ఏమీ ఉండదు, లేకపోతే "స్పీచ్ థెరపీ చేయించవలెను" అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ థెరపిస్టు ఎక్కడ దొరుకుతారో రాయరు. జిల్లా కేంద్రం దాటి పల్లెకు పోతే దొరకరు కూడా. ఆ ఒక్క ముక్క దగ్గర కాగితం ఆగిపోవడం అన్యాయమని మా అభిప్రాయం. పాట, తాళం, బొమ్మ, ముగ్గు కూడా ఆ కాగితంలో ఉండాలి. అవి వార్డులోనే మొదలు కావాలి. వీటిని కాలక్షేపం కింద లెక్కకట్టడం మానాలి.

పాట సంగతి సంఘంలో ఉన్నవారికి కొత్తది కాదు. మంచినీళ్లు అనలేని అమ్మ పరలోక ప్రార్థన తప్పు లేకుండా చెబుతుంది. కొడుకు పేరు పలకలేని తండ్రి చిన్ననాడు నేర్చిన కీర్తన మూడు చరణాలూ పాడతాడు. ఎక్కాలు, వారాల పేర్లు, బడిలో నేర్చిన వేమన పద్యం కూడా అలాగే వస్తాయి. దీన్ని ప్రపంచం గమనించి చాలా కాలమైంది. 1745లో స్వీడన్ దేశపు సైన్స్ అకాడమీ ప్రచురణలో ఓలోఫ్ దాలిన్ అనే రచయిత ఒక మనిషి గురించి రాశాడు. కుడివైపు పడిపోయి మాట పోయిన ఆ మనిషి, అంతకు ముందు తనకు వచ్చిన సంఘ కీర్తనలను మాత్రం పాడగలిగేవాడు. మాటలను కొత్తగా కూర్చే పని ఎక్కువగా ఎడమ మెదడుది. రాగం విషయంలో కుడి మెదడు పాత్ర పెద్దది. ఏళ్ల తరబడి కలిసి పాడిన పాట ఒక్కొక్క పదంగా కాక, మొత్తం ఒక ముద్దగా లోపల నిలిచి ఉంటుంది. ఎడమవైపు దెబ్బ తగిలినా ఆ ముద్ద మిగలవచ్చు.

అయితే ఇక్కడే మన సంఘాలలో ఒక ప్రమాదం ఉంది. నెమ్మదిగానైనా చెప్పక తప్పదు. రోగి కీర్తన పాడగానే "మాట వచ్చేసింది, స్వస్థత కలిగింది" అని సాక్ష్యం చెప్పించేస్తారు. మర్నాడు ఆయనకు దాహం వేస్తే నీళ్లు అనలేడు. పాడినవాడు అడగలేడా, కావాలనే మాట్లాడటం లేదు అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. థెరపీ మాన్పించేస్తారు. మరొకాయన ఎంత పాడించినా పాడలేడు, ఎందుకంటే ఆయన మెదడులో దెబ్బ తగిలిన చోటు వేరు. ఆయనకు విశ్వాసం చాలలేదని గుసగుసలు మొదలవుతాయి. ఈ రెండు మాటలూ రోగిని లోపలికి తోసి తలుపు వేస్తాయి. పాడటం దేవుడిచ్చిన దారి అని మేమూ నమ్ముతాము. కాని అది దారే, ఇల్లు ఇంకా దూరంగా ఉంది. దాని మీద నడిపించడానికి రోజూ ఒకరు ఉండాలి.

ఆ నడిపించే పద్ధతి ఒకటి 1973లో అమెరికాలోని బోస్టన్‌లో తయారైంది. పేరు మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ. పేరు పెద్దదే గాని పని సులువుగా అర్థమవుతుంది. రోగికి రోజూ అవసరమయ్యే చిన్న మాట ఒకటి తీసుకుంటారు. ఉదాహరణకు, "నీళ్లు కావాలి." దాన్ని రెండే స్వరాలలో, ఒకటి పైన ఒకటి కింద, మెల్లగా సాగదీసి పాడతారు: నీ, ళ్లు, కా, వా, లి. ఒక్కో అక్షరానికి రోగి ఎడమ చేతిని పట్టుకుని బల్ల మీద ఒక్కో దెబ్బ వేయిస్తారు. మొదట మనం కూనిరాగం తీస్తాము, ఆయన వింటాడు. తరవాత ఇద్దరం కలిసి పాడతాము. తరవాత మధ్యలో మన గొంతు ఆపేస్తాము, ఆయన పూర్తి చేస్తాడు. తరవాత "ఏం కావాలి?" అని అడిగితే ఆయన అదే వరసలో జవాబు చెబుతాడు. చివరికి ఆ రాగాన్ని కొంచెం కొంచెంగా తగ్గించి మామూలు మాటకు తెస్తారు. ఇది వారాల తరబడి సాగే పని. అందరికీ పనికిరాదు. ఎదుటివారి మాట బాగా అర్థమవుతూ, తన మాట మాత్రం రానివారికి ఎక్కువగా ఉపయోగిస్తుంది.

రాగమే ఇదంతా చేస్తోందా అంటే, అదీ అంత తేలిక సమాధానం కాదు. 2011లో జర్మనీలోని లైప్జిగ్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో రాగం కన్నా లయకు, ముందే నోటికి అలవాటైన మాటలకు ఎక్కువ ప్రాముఖ్యం కనబడింది. మాకైతే ఇది సంతోషకరమైన వార్త. గొంతు బాగాలేదని వెనకాడే ఆడకూతుళ్లు, అన్నదమ్ములు ఇక వెనకాడనవసరం లేదు. చప్పట్లు వచ్చినా చాలు. మన తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి కదా, ఆ తాళం పేరు ఇన్నాళ్లూ మనం చూసీ చూడనట్టు వదిలేశాము. కోలాటం వేసినవారికి, నాట్లు వేస్తూ పాడుకున్నవారికి లయ గురించి మేము చెప్పేదేముంది!

పాడలేనివారు వింటే కూడా మేలే. 2008లో ఫిన్లండ్ పరిశోధకులు పక్షవాతం వచ్చిన కొత్తలో రోగులకు తమకిష్టమైన సంగీతం రెండు నెలలపాటు రోజూ వినిపించారు. వినని వారితో పోలిస్తే వీరిలో మాటల జ్ఞాపకం, ఏకాగ్రత ఎక్కువగా మెరుగుపడ్డాయి, దిగులు తగ్గింది. అదే దేశంలో 2023లో వచ్చిన మరో అధ్యయనంలో, ఎంతోకాలంగా అఫేసియాతో ఉన్నవారు నాలుగు నెలలు బృందంగా పాడితే, ఇంట్లో సాధన చేస్తే, మాట వ్యవహారం మెరుగైంది. చూసుకునే కుటుంబ సభ్యులకు భారం కూడా కొంత తగ్గింది. ఈ చివరి ముక్క మా మనసుకు బాగా తాకింది. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడో వంతు మంది కుంగుబాటుకు లోనవుతారని పుస్తకాలలో చదువుతాము. వారి భార్యల కుంగుబాటును వార్డు వరండాలో చూస్తాము.

బొమ్మ గురించి చెప్పాలి. మా వార్డులో ఒక రైతు ఉండేవారు. ఏది చెప్పాలన్నా "బండి, బండి" అనేవారు. ఇంట్లో ఎడ్లబండి లేదు, మోటారు సైకిలు గురించి కాదు, ఆసుపత్రికి వచ్చిన ఆటో గురించి కాదు. మూడు రోజులు కొడుకు అడిగి అడిగి అలసిపోయాడు. ఈయన మంచం కోళ్లను కొట్టేవారు, నిద్రపోయేవారు కాదు. నిద్రమాత్ర రాయించాలా అని కూడా మాట వచ్చింది. అప్పుడు ఒక విద్యార్థిని పలక, సుద్దముక్క తెచ్చి ఎడమ చేతిలో పెట్టి తాను కూడా పక్కన ఇంకో పలక మీద గీతలు గీయడం మొదలుపెట్టింది. ఆయన చాలాసేపటికి ఒక డబ్బా గీశారు. దానికి ఒక గొట్టం. గొట్టం చివర చుక్కలు. మేము కొళాయి అనుకున్నాము, నీళ్లు ఇచ్చాము, తోసేశారు. కొడుకు చూసి "నాన్నా, మోటారా? పొలంలో మోటారు ఆపామా లేదా అనా?" అన్నాడు. ఆయన ఏడ్చారు. పొలంలో మోటారు ఆడుతుండగానే ఆయనకు పక్షవాతం వచ్చింది. ఆ రోజే పక్క పొలం ఆయన ఆపేశాడట, ఆ సంగతి ఈయనకు ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి మాత్ర లేకుండానే నిద్రపోయారు.

ఆ బొమ్మతో ఆయనకు మాట రాలేదు. రావాలని మేము ఎదురుచూడలేదు కూడా. కాని ఆ రోజు నుంచి కొడుకు ఆయన పక్కన పలక పెట్టుకుని కూర్చున్నాడు, ఎరువు బస్తాలు ఎన్ని కొనాలో గీతలు గీయించి అడిగాడు. "ఈయనకు తెలుస్తోందా" అనే ప్రశ్న ఆ మంచం దగ్గర మళ్లీ వినబడలేదు. పలక ఇచ్చేటప్పుడు బొమ్మ బాగుందా లేదా అని చూడకండి, పరీక్ష పెట్టకండి. మీరూ ఒకటి గీయండి. సగం గీసి ఇస్తే పూర్తి చేస్తారేమో చూడండి. తప్పు అర్థం చేసుకున్నా ఫరవాలేదు, మళ్లీ అడగండి.

ముగ్గు ఆలోచన మాకు మా వార్డు ఆయమ్మ ఇచ్చింది. రోజూ తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేసే ఒక పెద్దావిడ కుడి చెయ్యి పడిపోయి మాట పోయి మా దగ్గరకు వచ్చింది. గోడవైపు తిరిగి పడుకునేది. ఆయమ్మ స్టీలు పళ్లెంలో ముగ్గుపిండి తెచ్చి ముందు పెట్టింది. ఎడమ చేత్తో చుక్కలు పెట్టడానికి ఆవిడ పడిన కష్టం చూడాలి! పక్క మంచాల ఆడవాళ్లు లేచి వచ్చారు. అయిదు, మూడు, ఒకటి అని వాళ్లు చుక్కలు లెక్కపెడుతుంటే, ఆవిడ నోట కూడా "మూడు" అని వచ్చింది. అంకెలు నోటికి అలవాటైన వరస కనుక వచ్చిందని మాకు తెలుసు. అయినా వారం రోజులుగా గోడను చూస్తూ పడుకున్న మనిషి పదిమంది మధ్య కూర్చుని, చుక్క తప్పు పెట్టిన కోడలి చేతిని తోసివేసింది. అధికారం మళ్లీ ఆవిడ చేతికి వచ్చింది. ఫిజియోథెరపిస్టు ఎడమ చేతికి చెప్పిన వ్యాయామం కూడా అందులోనే అయిపోయింది.

పెద్ద పెద్ద కళాకారుల సంగతులూ ఉన్నాయి. స్వీడన్ కవి తోమాస్ త్రాన్స్‌త్రోమర్‌కు 1990లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట పోయాయి. ఆయన ఒక్క ఎడమ చేత్తో పియానో వాయించడం కొనసాగించారు, ఆ తరవాత కూడా కవితల పుస్తకాలు వచ్చాయి, 2011లో నోబెల్ బహుమతి అందుకున్నారు. 2015లో కన్నుమూశారు. రష్యా సంగీతకర్త షెబాలిన్ పక్షవాతంతో మాట దెబ్బతిన్న తరవాత కూడా సింఫనీ రచించారు. వీరి కథలు రోగుల కుటుంబాలకు చెబుతాము గాని, ఎక్కువగా చెప్పము. నోబెల్ బహుమతి వచ్చినవారిని చూపించి ముగ్గు వేసే అమ్మను భయపెట్టడం మాకు ఇష్టం లేదు.

నర్సులకు దీనికి తీరిక ఎక్కడిదని మా సహోదరీలే అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కో డ్యూటీలో ఎన్ని మంచాలు చూస్తామో చదివేవారికి తెలుసు. మేము చెప్పేది వేరే గంట కేటాయించమని కాదు. పుండ్లు పడకుండా రెండేసి గంటలకు రోగిని పక్కకు తిప్పుతాము. ఒళ్లు తుడుస్తాము. చేతులు కాళ్లు ముడుచుకుపోకుండా కదిలిస్తాము. ఆ పని ఎలాగూ చేస్తున్నాము కదా, దాన్ని తాళం వేసి, లెక్క పెడుతూ, ఆయనకు తెలిసిన పాట కూనిరాగం తీస్తూ చేయవచ్చు. చెయ్యి పైకెత్తేటప్పుడు "పైకి" అని రెండు స్వరాలలో అనవచ్చు. మౌనంగా తిప్పడానికి ఎంతసేపు పడుతుందో పాడుతూ తిప్పడానికీ అంతే పడుతుంది.

ఇంకొక సంగతి మిషన్ ఆసుపత్రివారిగా మనం జాగ్రత్తగా ఆలోచించాలి. మన దగ్గరకు అన్ని మతాలవారూ వస్తారు. మాట పోయిన మనిషి "వద్దు" అని కూడా అనలేడు. అనలేని మనిషి మంచం చుట్టూ చేరి మనకిష్టమైన కీర్తన పాడటం సేవ అనిపించుకోదు. ఆయన గుండెలో ఉన్న పాట ఏదో ఇంటివారిని అడిగి తెలుసుకోవాలి. అది అన్నమయ్య పాట కావచ్చు, ఘంటసాల సినిమా పాట కావచ్చు, దర్గాలో విన్న కవ్వాలీ కావచ్చు. అదే పాడాలి, లేదా సెల్‌ఫోనులో మెల్లగా పెట్టాలి. పైగా అఫేసియా ఉన్నవారు కాదనబోయి అవును అనడం మామూలు. అందుకని నోటి మాట ఒక్కటే కాక ముఖం, చెయ్యి చూసి ఇష్టం తెలుసుకోవాలి. ముఖం తిప్పుకుంటే ఆపేయాలి. క్రైస్తవ రోగి విషయంలో కూడా ఇంతే. అందరు క్రైస్తవులకూ అన్నివేళలా కీర్తనే కావాలని ఏమీ లేదు.

ఇవన్నీ స్పీచ్ థెరపిస్టుకు బదులు కావు. సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ పనికి పేరున్న చోట్లు. అంత దూరం వెళ్లలేనివారు దగ్గరలోని మెడికల్ కాలేజీ ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగంలో విచారించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం, శాశ్వతంగా మిగిలిపోయిన అఫేసియాను కూడా వాక్కు, భాషా వైకల్యం కింద లెక్కిస్తుంది. ఈ సంగతి తెలియక ధ్రువపత్రానికి దరఖాస్తు కూడా పెట్టుకోనివారు చాలామంది ఉన్నారు. వేలిముద్ర వేయించుకోవడానికి మాత్రం అందరికీ ఆయన గుర్తుకు వస్తాడు.

మా వార్డు వరకు మేము అనుకున్నది ఇది. మాట పోయిన ప్రతి రోగి డిశ్చార్జి కాగితానికి ఇంకొక కాగితం పిన్ను చేసి ఇస్తాము. అందులో ఆయనకు రోజూ కావలసిన పది మాటలు ఇంటివారే రాయాలి, ఇంట్లో వాడే భాషలోనే. "నీరు త్రాగవలెను" అని రాయవద్దు. ఆయనకు వచ్చిన మూడు పాటలు రాయాలి. పూటకు పది నిమిషాలు, టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని చేయాలి. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు బీపీతో పాటు ఈ కాగితం కూడా చూస్తాము.

సంఘాల గాయక బృందాలకు, స్త్రీల సమాజాలకు ఒక మనవి. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో 2009లో మెదడు జబ్బులున్నవారి కోసమే ఒక గాయక బృందం మొదలైంది. మనకు అంత ఏర్పాటు అక్కరలేదు. మంగళవారం గాని, శుక్రవారం గాని సాయంత్రం 4 గంటలకు ఇద్దరిద్దరుగా రండి. ముందురోజే వార్డు సిస్టర్‌కు చెప్పండి, ఏ మంచం దగ్గర ఏ పాట పాడాలో చీటీ రాసి ఉంచుతాము. మెల్లగా, కింది శ్రుతిలో పాడండి, రోగి వెనకబడితే ఆగండి. పలకలు, రంగు పెన్సిళ్లు తెస్తే తీసుకుంటాము. కీబోర్డు తేవద్దు.